పైవాడి పూచీ

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి తన తెలుగు మీద ఉండే నమ్మకం ఆ తర్వాత జన్మలో మళ్లీ రాదు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఓ నీళ్ల ప్లాంటులో నాది ఆర్నెల్ల తాత్కాలిక ఉద్యోగం. (మా అమ్మ మాత్రం మావాడు ఇంజనీరని ఎమ్మిగనూరులో వీధంతా చెప్పేసింది.) పాత ఫిల్టర్లు మార్చడానికి టెండరు పిలిచారు. ఏ నష్టం వస్తే ఎవరు భరించాలో చూపే పట్టికను తెలుగులో రాసే భాగ్యం నాకు దక్కింది. పైపులు పగిలితే "కాంట్రాక్టరు" అని మొదటి గడిలో రాశాను. మిగతా గడుల్లోనూ అతనే. అన్నిసార్లు అదే మాట రాయడానికి బద్ధకించి, కింద వరుసగా "పైవాడే" అని రాసి పడేశాను. పై గడిలో ఉన్నవాడే అని నా భావం. మా ఆఫీసరు డీఈ గారు చదవకుండా సంతకం పెట్టారు. కాంట్రాక్టరు చదివి, నవ్వుకుని మరీ పెట్టాడు.

వానలు మొదలయ్యాక కాలువలో ఎర్రమట్టి నీళ్లొచ్చి కొత్త ఫిల్టర్ల ఇసుక బిగుసుకుపోయింది. ఊరి కుళాయిల్లో టీ రంగు నీళ్లు. ఇసుక మార్చమని కాంట్రాక్టరుకు కబురు పెట్టాం. ఆదోనిలో అందరూ ఇసుక భాయ్ అని పిలిచే ఆ పెద్దమనిషి అగ్రిమెంటు చంకలో పెట్టుకుని వచ్చి, మట్టినీళ్ల వరుస మీద వేలు పెట్టాడు.

"ఈడ పైవాడే అని రాసినారు సార్. అల్లా సూసుకుంటాడు. నేనే పైవాడినంటే పాపం తగల్తాది."

డీఈ గారు నా వైపు తిరిగారు. "పైవాడికి నోటీసు యాడ అంటిచ్చల్లప్పా? రేపటికి నీళ్లు తేటగా రాకుంటే నువ్వు ఇంటికి పోవచ్చు."

ఇంటికంటే మా వీధే గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. భాయ్ అగ్రిమెంటు మళ్లీ చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "తెలుగు బాగుందప్పా. పార పట్టేది వచ్చునా?"

"రాదు భాయ్."

"రేపు పొద్దున రా. నేర్చుకుందువు."

మర్నాడు అతని మనుషులతో కలిసి సాయంత్రం దాకా ఇసుక ఎత్తిపోశాను. అరచేతులు బొబ్బలెక్కాయి గానీ నీళ్లు తేటపడ్డాయి. పని పూర్తయిన కాగితం మీద భాయ్ తన సంతకానికి పైన నాచేతే ఒక ముక్క రాయించాడు: "పైవాడి తరఫున."

ఇప్పుడు టెండర్లు నేనే తయారుచేస్తున్నాను. ప్రతి గడిలోనూ "కాంట్రాక్టరు" అని పూర్తిగా టైపు కొడుతుంటే, మా ఆఫీసు అమ్మాయి "కాపీ కొట్టొచ్చు గదా సార్" అని నవ్వుతుంది. భాయ్ పోయి చాలా ఏళ్లయింది. ఆ కాగితం గుర్తొచ్చినప్పుడల్లా, ఆనాటి నా తెలుగు మరీ అంత తప్పేం కాదేమో అనిపిస్తుంది.