గోపీకృష్ణ బోడి పిజ్జా

రంగూన్ తాకేటా పేటలో మా వీధి మొదట్లో నిలబడి "ఊ బుల్లియ్య ఇల్లెక్కడ?" అని అడగండి. ఊ అంటే బర్మాలో మన 'గారు'. మీరు అడిగినవాళ్లు ఎవరైనా సరే, తెలుగువాళ్లు గానీ బర్మావాళ్లు గానీ, మిమ్మల్ని నా గుమ్మం దాకా తెచ్చి దింపుతారు. నేను చదివింది పెగూ రైలు లైనులో మా పల్లె తాటాకు బడిలో, నాలుగో తరగతి దాకానే. ఆ చదువుతోనే ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో బాయిలరు పనికి మేస్త్రీనయ్యాను. అమ్మవారి గుడికి వంటశాల కట్టించాను. ఆదివారాలు పిల్లలకు తెలుగు దిద్దించాను, వాళ్లలో కొందరు ఇవాళ నా కంటే బాగా రాస్తారు. ఇంత చెప్పినా ఇక్కడ రాయబోయేది నా సంగతి కాదు, నా మేనల్లుడు గోపీకృష్ణ సంగతి. వాడి పొయ్యి కట్టినవాణ్ణి నేనే గనక నా సంగతి కొంత రాక తప్పదు.

గోపీకృష్ణ మా చెల్లెలు వెంకమ్మ కొడుకు. వాళ్ల ముత్తాత విశాఖ నుంచి వచ్చి రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. తాత మోశాడు, తండ్రి మోశాడు. ఓడలోకి సరుకెక్కించిన వంశంలో ఓడెక్కినవాడు వీడొక్కడే. సరుకుల ఓడలో వంటవాడు. ఎక్కితే తొమ్మిది నెలలు, దిగితే రెండు నెలలు, మళ్లీ ఎక్కడమే. పోయిన వానాకాలం దిగినప్పుడు వాడి కూతురు ఆశ, ఫోనులో ముద్దులు పెట్టిన పిల్ల, ఎదురుగా నిలబడ్డ తండ్రిని చూసి తల్లి కొంగు చాటుకు పోయింది. ఆ రాత్రి అన్నం తింటూ వాడు చెప్పేశాడు.

"ఇంక ఓడెక్కను మావా. ఇక్కడే పిజ్జా కొట్టు పెట్టీసుకుంటాను."

వెంకమ్మ గరిటె కింద పెట్టింది. "తాకేటాలో పిజ్జా ఎవుడు తింతాడురా?"

"తినీలాగ సేత్తాను."

లత పేటలో ఉన్న ఓడల ఏజెంటు మాత్రం ఊరుకోలేదు. మంచి ఓడ ఒకటి సింగపూరులో ఉంది, సోమవారం పొద్దుటికి ఔనో కాదో చెప్పమన్నాడు. కొట్టు తెరిచేది ఆదివారం. అంటే కొట్టు నడుస్తుందో లేదో వాడికి తెలిసేది ఒక్క పూటలోనే. మా వాళ్లలో కొత్త వంట ఏదైనా ముందు గుడి పెద్దల బంతిలో నెగ్గాలి. పెద్దలు విస్తరిని తమవైపు మడిచి లేస్తే తృప్తిగా తిన్నట్టు, ఆ వంట ప్రతి పెళ్లికీ పోతుంది. అవతలికి మడిచి లేచారా, మా మూడు వీధుల్లో దాన్ని కుక్కలు కూడా చూడవు. అందుకని గోపీకృష్ణ ఆదివారం మధ్యాహ్నానికి పెద్దలను పిలిచాడు. వాళ్లు మెచ్చితే ఇల్లు, మెచ్చకపోతే ఓడ.

పొయ్యి నేను కట్టాను. బాయిలరు ఇటుక నా చేతికి అలవాటు. గుమ్మటం లోపల మంట తిరిగి తిరిగి నేలమీదికి వంగాలి, అలా వంగకపోతే రొట్టె పైన మాడుతుంది, కింద పచ్చిగా ఉంటుంది. మా వర్క్‌షాపులో ఈ సంగతి నా అంత బాగా తెలిసినవాళ్లు లేరు, అప్పటి ఆఫీసర్లే అనేవాళ్లు. నేను ఇటుక పేరుస్తుంటే వాడు మట్టి అందిస్తూ ఇటలీ కబుర్లు చెప్పాడు.

వాడి ఓడ కెప్టెన్ ఇటలీ మనిషి. ఆదివారం ఆదివారం పిజ్జా కావాలనేవాడు. గోపీకృష్ణ మన మర్యాదే చేశాడు. మన విందులో వడ్డించాక విస్తరి పచ్చదనం కనబడకూడదు గదా. పెద్దమనిషి ముందు బోడి పళ్లెం పెడితే పోయి రమ్మన్నట్టు. కాబట్టి పిండి కనబడకుండా కోడి, గుడ్డు, రొయ్య, మిరపకాయ, ఉల్లి, బఠాణీ, వంటగదిలో ఏముంటే అది పేర్చాడు. కెప్టెన్ అంచులు గిల్లుకుని తిని నడుమ భాగం తోసేశాడు. మరుసటి వారం వాడు ఇంకా పేర్చాడు. కెప్టెన్ ఇంకా తోశాడు. ఓడ దిగేటప్పుడు కెప్టెన్ చెప్పే మాట మీదే మళ్లీ పిలుపు ఉంటుంది. కుర్రాడికి భయం పట్టుకుంది.

"అప్పుడనుకున్నాను మావా, అసలైన పిజ్జా ఏటో తిని సూసి తెలుసుకోవాలని. ఏ రేవులో ఓడ ఆగినా దిగిపోయేవోణ్ణి."

మొదట జెనోవా. రేవు గేటు ఎదురుగానే బొమ్మల బోర్డు పెట్టిన కొట్టు. గొడ్డుమాంసం ఒక్కటీ తీసేసి బోర్డులో ఎక్కువ సరుకు ఉన్నది ఏదో అది పెట్టమన్నాడు. విందు మంచిదో కాదో వంటకాలు లెక్కపెట్టి చెప్పే జాతి మనది, వాడూ అలాగే ఎంచాడు. వచ్చింది తడిసిన అట్టముక్క. లివోర్నోలో కూడా అంతే, కాకపోతే అక్కడ పెనం మీద కాల్చిన శనగపిండి అట్టు అమ్ముతున్నారు.

"మనదే మావా! మనమ్మలు ఏసినట్టే. పిజ్జా మాట మర్సిపోయి దాన్నే తినీసినాను."

"పని మీద పోయి అట్టు తిని వచ్చినావా?"

"ఆకలేసింది మావా. ఏటి సెయ్యమంటావు?"

పలెర్మోలో దొరికింది స్పాంజిలా మందంగా, ఉల్లిపాయలతో ఉంది. బాగానే ఉంది గానీ కెప్టెన్ అడిగేది అది కాదని వాడికే తెలిసింది. బారిలో టమాటాలు గుచ్చిన రొట్టె తిన్నాడు. అదీ వేరే. ప్రతి రేవులోనూ గేటు దగ్గర కొట్టే, ప్రతిచోటా నిండుగా ఉన్నదే అడిగాడు, సరుకు పేర్చిన పిజ్జా వచ్చిన చోటల్లా నడుమ పచ్చిపిండే. ఇంక ఇటలీలో మంచి పిజ్జా లేదు, కెప్టెన్ ఊరికే బెంగపడుతున్నాడు అనుకున్నాడు.

తరవాత ఓడ నేపుల్స్‌లో ఆగింది. ఆ రోజు శనివారం. మొదటిసారి ఓడెక్కేటప్పుడు వెంకమ్మ కొడుకు తరఫున సింహాద్రి అప్పన్నకు మొక్కింది: శనివారం నీసు ముట్టడు, గుడ్డు ముట్టడు. వాడు ఏ సముద్రంలో ఉన్నా ఆ మొక్కు తప్పలేదు. అది నా చెల్లెలి పెంపకం, మా ఇంటి పెంపకం.

గేటు దగ్గర కొట్లలో ఆ రోజు వాడు తినదగింది కనబడలేదు. నడుస్తూ సందుల్లోకి పోయాడు. మేడల మధ్య తాళ్ల మీద బట్టలు ఆరేసి ఉన్నాయట, అచ్చం మన లత పేటలాగా. ఒక మేడ మీంచి తాడు కట్టిన బుట్ట దిగుతోంది. మన రంగూన్‌లో పై అంతస్తు నుంచి తాడు వదిలి పేపరూ కూరగాయలూ లాక్కోమా, అలాగే. వాడు ఆగి చూశాడు. కొట్టువాడు బయటికొచ్చి బుట్టలో పిజ్జా పెట్టాడు, పైనున్న ముసలమ్మ లాక్కుంది.

"రేవుకొచ్చినోళ్లకి ఏదైనా పెడతారు మావా. మేడ మీది ముసల్దానికి రోజూ పెట్టాలంటే బాగుండాలి గదా! ఆ కొట్లో దూరీసినాను."

ఆ కొట్లో ఉన్నవి రెండే రకాలు. నీసు లేనిది వేలితో చూపించాడు. పల్చటి రొట్టె మీద టమాటా గుజ్జు, అక్కడక్కడా గేదెపాల జున్నులాంటి తెల్లటి ముక్కలు, నాలుగు ఆకులు. ఆ ఆకు వాసన చూస్తే తులసికి చెల్లెలు. శనివారం పూట అప్పన్న పంపినట్టే ఉందని కళ్లకద్దుకుని తిన్నాడు. అంచు పొంగి, మచ్చలు పడి, నడుమ మెత్తగా, అయినా పచ్చి లేకుండా ఉంది. నోట్లో మొదట తగిలింది పిండి రుచి. అప్పటిదాకా వాడు పిజ్జాలో పిండిని విస్తరాకు అనుకున్నాడు. అదే అన్నమని అప్పుడు తెలిసింది.

మరుసటి ఆదివారం కెప్టెన్ ముందు బోడి పిజ్జా పెట్టి, వంటగది తలుపు చాటున నిలబడ్డాడు. కెప్టెన్ అంతా తిన్నాడు. వేలితో పళ్లెం తుడిచి, ఇంకొకటి ఉందా అని అడిగాడు.

ఇది ఓడ మీద నెగ్గింది. తాకేటాలో నెగ్గాలి గదా.

శనివారం సాయంత్రం గొడవ మొదలైంది. గోపీకృష్ణ పిండి ముద్దలు చేసి, తడిగుడ్డ చుట్టిన మట్టి బానలో పెట్టాడు, కరెంటును నమ్ముకుని ఫ్రిజ్‌లో పెట్టే రోజులా ఇవి? పాలవాడి దగ్గర గేదెపాలు తెచ్చి జున్నుముక్క తయారుచేశాడు. బజారులో పిన్‌సేన్ ఆకు తెచ్చాడు, అది ఇక్కడి తులసి చెల్లెలు. అవి చూసి వెంకమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇంతేనేటి?"

"ఇంతే అమ్మా."

"జోగి బావొత్తాడు, గుడి పెద్దలొత్తారు. బోడి రొట్టె పడేసి తినమంటావేటిరా? నా మొకం మీద ఉమ్మరా?"

"నువ్వు ముట్టుకోకే. నానే సూసుకుంటాను."

గోపీకృష్ణ భార్య భానుప్రియ అత్తవైపూ చూసింది, మొగుడివైపూ చూసింది. "మీరిద్దరూ కొట్టుకోండి. ఓడెక్కీది ఆయన, ఏడిసీది నాను" అంది. వెంకమ్మ మాత్రం ఆ రాత్రే కోడి తెప్పించింది.

ఆదివారం అరటాకులు పరిచాం. బంతిలో మొదటి విస్తరి నాది, రెండోది జోగిది. జోగి గుడి కోశాధికారి, ఆయన ఏ పెళ్లిలోనూ ఉప్పు సరిపోయిందని అనలేదు. పొయ్యి రాజుకుంది. నా గుమ్మటం కింద మంట వంగి, తిరిగి, నేలను నాకుతోంది. చూస్తేనే కడుపు నిండింది.

గోపీకృష్ణ పెరట్లోకి కట్టెల కోసం పోయాడు. వాడు తిరిగొచ్చేలోగా వెంకమ్మ మొదటి రొట్టె మీద కోడి వేపుడు, రొయ్యలు, ఉడికిన బఠాణీ, వంకాయ కుమ్మరించి తానే రొట్టె తోసే చెక్క పారతో లోపలికి తోసింది. నేను లేవబోయాను, ఆలస్యమైంది. కాసేపటికి వాడు తీయబోతే నడుమ చిరిగి, సగం నిప్పుల్లో పడింది. గది నిండా పొగ. పెద్దలు దగ్గారు.

జోగి ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "ఏటి వెంకమ్మా, నీ కొడుకు ఓడ పొయ్యిలో ములిగిపోనాదా?"

బంతి అంతా నవ్వింది. నేను నవ్వలేదు. గోపీకృష్ణ చేతిలో పార పట్టుకుని నిలబడిపోయాడు. జేబులో ఫోను మోగింది, లత పేట ఏజెంటు. సోమవారం అన్నవాడు ఆదివారమే చేశాడు. మావాడు ఎత్తలేదు, ఆపనూ లేదు. భానుప్రియ పిల్లను చంకనేసుకుని గుమ్మంలోకి వెళ్లి నిలబడింది.

"గోపీ," అన్నాను, "పొయ్యి నాది, మంట నాది. మంట బాగుంది. నీ పని నువ్వు కానియ్."

వాడు నిప్పులు పక్కకు లాగి, నేల తుడిచి, ఇంకో ముద్ద సాగదీశాడు. టమాటా, తెల్లటి ముక్కలు, ఆకులు. "అమ్మా, ముట్టుకోకు" అన్నాడు. వెంకమ్మ చేతులు కొంగులో చుట్టుకుంది. రొట్టె లోపలికి పోయింది, అంచు పొంగింది, మచ్చలు పడ్డాయి, చిరగకుండా బయటికి వచ్చింది. కోసి మొదటి ముక్క నా ఆకులో, రెండోది జోగి ఆకులో వేశాడు.

పెద్ద అరటాకు. నడుమ ఒక్క ముక్క.

జోగి దానివైపు చూశాడు. చెయ్యి పెట్టలేదు. "ఇదేనేటి పెద్దోళ్లకి పెట్టీది? ఆకు కనబడతంది."

గోపీకృష్ణ ఇటలీ కథ చెబితే జోగి వింటాడా? ఆకు ఎత్తి అవతలికి మడిచేలాగే ఉన్నాడు. అప్పుడు వెంకమ్మ కదిలింది. పిజ్జా మీదికి మిగిల్చుకున్న గిన్నెలన్నీ రెండు చేతులా పట్టుకొచ్చింది.

"ఆకు కనబడతందా బావా? ఉండు, కనబడకుండా సేత్తాను."

కోడి వేపుడు ఒక పక్క, బఠాణీ ఒక పక్క, వంకాయ, రొయ్యలు, చింతకాయ పచ్చడి. పిజ్జా ముక్కను మాత్రం ముట్టుకోలేదు, దాని చుట్టూ వడ్డించింది. చివరికి ఆకు మీద పచ్చదనం ఎక్కడా మిగల్లేదు.

"ఇప్పుడు సెప్పు, ఏటంటావు? మా ఇంట్లో నీకు తక్కువ సేసినామా?"

జోగి ఇంకేమనగలడు? తుంచాడు. వేపుడు అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. రెండో ముక్క బఠాణీతో. మూడోది ఏదీ అద్దుకోకుండా ఉత్తదే తిన్నాడు. ఆ నమిలే తీరు నేను చూశాను, నాకు అప్పుడే ప్రాణం లేచొచ్చింది.

"ఒరే గోపీ," అన్నాడు జోగి, "ఆ బోడిది ఇంకోటుందా?"

వాడు సగం నవ్వి, సగం కళ్లు తుడుచుకుని పొయ్యివైపు పరిగెత్తాడు. ఆ మధ్యాహ్నం బానలో ముద్ద మిగల్లేదు. జోగి లేచేటప్పుడు విస్తరిని తనవైపు మడిచి, "మా మనవరాలి పెళ్లికి కూడా ఇలాగే, సుట్టూ కూరలు పెట్టి" అన్నాడు. ఆయన ఉప్పు మాట ఎత్తకపోవడం మా గుడి చరిత్రలో ఇదే మొదటిసారి. అంత మంచి పొయ్యి ఈ ఊళ్లో ఇంకోటి లేదని కూడా అన్నాడు. నేను అడగలేదు, తనే అన్నాడు.

అందరూ వెళ్లాక గోపీకృష్ణ గుమ్మంలో కూలబడ్డాడు. ఆశ వచ్చి, వాడి చేతికంటిన పిండిని గోటితో గీకుతూ పక్కన కూర్చుంది. ఫోను మళ్లీ మోగింది. వాడు తీసేలోగా వెంకమ్మ జేబులోంచి లాక్కుని చెవి దగ్గర పెట్టుకుంది. ఏజెంటు బర్మీస్‌లో ఏదో అన్నాడు. ఆమె తెలుగులోనే జవాబిచ్చింది.

"మావోడు రాడు. నీకాకలేత్తే నువ్వే రా."