గుడ్ల మీద ఐదు కిలోల బంగాళాదుంపలు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి కనీసం నాలుగు నెరిసిన వెంట్రుకలయినా ఉండాలంటారు. నాకు రెండున్నాయి. మిగతా రెండూ ఇది రాసేలోగా వచ్చేస్తాయన్న నమ్మకంతో మొదలుపెడుతున్నాను. ఇది ఒక మహాసంగ్రామం కథ. ఇందులో పతనం ఉంది, పరాభవం ఉంది, ఏరులై పారిన ద్రవం ఉంది, మూడు తరాల వంశం పరువు ఉంది. (ద్రవం పచ్చసొన. సంగ్రామం జరిగింది ఒక కిరాణా సంచీలో. ఇప్పుడే చెప్పేయడం మంచిది, తర్వాత మీరు నన్ననకూడదు.)

అప్పటికి నేను కలకత్తాలో, ఫోనులో ఆర్డరిస్తే ఇంటికి సరుకులు పంపే ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా చేరి ఐదు నెలల మూడు వారాలయింది. ఆరో నెల నిండే శుక్రవారం నాడు నన్ను ఖాయం చేస్తారో ఇంటికి పంపుతారో తేలాలి. ఇంటికి పంపితే పెద్ద దూరమేమీ కాదు, వాట్‌గంజ్, బస్సులో నలభై నిమిషాలు. కాని ఆ ఇంట్లో మా తాత ఉన్నాడు. పద్దెనిమిదో ఏట శ్రీకాకుళం నుంచి వచ్చి, ఓడరేవు డాకులో ఓడల్లోకి సరుకెక్కించే ముఠాకి సర్దారై, రిటైరయ్యాక మా సందు మొత్తానికి సర్దారుగా కొనసాగుతున్న మనిషి. మా వంశంలో డాకు గేటు బయట ఉద్యోగం వెతుక్కున్న మొదటివాణ్ణి నేనే. తాతకి ఈ ప్రయోగం మీద నమ్మకం లేదు. డాకులో సరుకు తూచే కాంటా దగ్గర గుమస్తా పని ఖాళీ ఉందని కనుక్కుని, "శుక్రారం దాకా ఆగమన్నాను ఆళ్ళని. నీది తేలిందా సరే. లేదా, శనారం నుంచి కాంటా," అన్నాడు. నా భవిష్యత్తు గురించి ఇంత పకడ్బందీ ఏర్పాటు నేనెన్నడూ చేసుకోలేదు.

ఇక నా ప్రతిభ సంగతి. మా కంపెనీకి ఊళ్ళో అక్కడక్కడా కొనేవాళ్ళెవరూ రాని దుకాణాలుండేవి. వాటిని డార్క్ స్టోర్లంటారు. (లోపల ట్యూబులైట్లు పద్నాలుగు.) ఆర్డరు రాగానే పికర్లు ఫోను పట్టుకుని అరల మధ్య తిరుగుతూ, ఒక్కో సరుకూ స్కాను చేసి, ఎప్పటికప్పుడు సంచీలో వేసేస్తారు. వాళ్ళు అతి తక్కువ దూరం నడిచేలా సరుకుల వరస నిర్ణయించే ప్రోగ్రాము నేను రాశాను. లెక్క ప్రకారం నడక దాదాపు సగానికి తగ్గింది. ఆ వరస తప్పితే ఫోను ముందుకు కదలకుండా ఒక తాళం కూడా పెట్టాను. ఆ తాళం నా సొంత ఆలోచన. ఎవరూ అడగలేదు. మా టీము పెద్దని అందరం దాదా అనేవాళ్ళం. దాదా నా భుజం తట్టి, నడక తగ్గినట్టు చూపించే గ్రాఫుని బెంగళూరు హెడ్డాఫీసుకి పంపేశాడు. సోమవారం పొద్దున్న, మా వాట్‌గంజ్‌కి సరుకులు పంపే ఖిదిర్‌పూర్ దుకాణంలో ప్రోగ్రాము మొదలైంది.

ఖిదిర్‌పూర్ దుకాణంలో గుమ్మం పక్కనే ఉన్నది గుడ్ల అర. చిట్టచివర, ప్యాకింగ్ బల్ల దగ్గరున్నవి బంగాళాదుంపలు. పరీక్షలన్నీ నేను కంప్యూటరు తెర మీద చేశాను. తెర మీద గుడ్డు పగలదు.

ఆ సాయంత్రం అమ్మ, కొడుకు కంపెనీ కదా అని, జీవితంలో మొదటిసారి ఫోనులో సరుకులు తెప్పించింది. సంచీ తాత విప్పాడు. (మా ఇంట్లో ఏ మూటయినా తాతే విప్పాలి, అది వృత్తి గౌరవం.) పైన ఐదు కిలోల బంగాళాదుంపలు తీశాడు. వాటి కింద ఉల్లిపాయలు. వాటి కింద పాలకూర, అప్పటికే పప్పులోకి సిద్ధంగా. అడుగున డజను గుడ్లు, అందులో గుడ్లనదగ్గవి మూడు. తాత కాసేపు ఆ సంచీని ములిగిన ఓడని చూసినట్టు చూశాడు.

"ఇది సర్దినోడెవడ్రా?"

"మనిషి కాదు తాతా, ప్రోగ్రాము."

"దాన్ని రాసినోడెవడు?"

నేను పాలకూర వైపు చూశాను.

"నలబై ఏళ్ళు ఓడలకి సరుకెక్కించినాను. బరువు అడుగున, గుల్ల పైన. టీ పెట్టెల మీద ఇనప సామానెట్టిన గుంటడు ఒక్కడుండేవోడు, ఆణ్ణి ఆ మజ్జానమే పంపేసినాం. నా ఇంట్లోనే అలాటోడు పుట్టినాడేటి?"

"ఊరుకో మావా, మూడున్నాయిగా, అట్టేస్తాను," అంది అమ్మ. ఆ రాత్రి అందరం ఆమ్లెట్టు తిన్నాం. రుచి బాగానే ఉంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

మంగళవారం దాదా నన్ను పిలిచాడు. ఫిర్యాదులు వరదలా వస్తున్నాయి. "పాత పద్ధతికి తిప్పేద్దామా దాదా?" అన్నాను. "గ్రాఫు బెంగళూరు వెళ్ళిపోయింది భాయ్. వెళ్ళిన గ్రాఫు వెనక్కి రాదు. శుక్రవారంలోగా బాగుచెయ్యి. లేకపోతే ఆ రోజు మనం మాట్లాడుకోవలసింది వేరే ఉంటుంది," అన్నాడు మెత్తగా. దాదా మెత్తగా మాట్లాడితే క్యాంటీన్లో టీ కూడా చల్లారిపోతుంది.

అప్పుడు నేను నా జీవితంలోకెల్లా గొప్ప పనికి పూనుకున్నాను. దుకాణంలో ఉన్న ప్రతి వస్తువుకీ పగిలే గుణం ఇంత అని పదికి మార్కులు వెయ్యడం. గుడ్డుకి పది. పెరుగు కప్పుకి ఎనిమిది. టొమాటోకి ఏడున్నరా, ఏడూ ముప్పావా అన్నదాని మీద బుధవారం మధ్యాహ్నం మొత్తం గడిచింది. పండినదానికి ఒకటి, కాయకి ఒకటి వెయ్యాలా అన్న ప్రశ్న ఆ సాయంత్రాన్ని తినేసింది. అరటిపండు దగ్గరికి వచ్చేసరికి నాకు మనుషుల మీద కూడా మార్కులు కనిపించసాగాయి.

గురువారం పొద్దున్న, దుకాణానికి వెళ్ళి మిగతా వస్తువులు నొక్కి చూద్దామని బయల్దేరాను. తాత చెప్పులేసుకున్నాడు.

"తాతా, బయటివాళ్ళని రానివ్వరు."

"సరుకున్న కాడ నాను బయటోణ్ణేటి? నడు బేగి."

దుకాణంలో పికర్లందరికీ పెద్ద ఒక బెంగాలీ ఆవిడ. అందరూ మాషీ అని, అంటే పిన్నీ అని, పిలిచేవారు. మేం వెళ్ళేసరికి ఆవిడ గుడ్ల అట్టని చంటిబిడ్డలా చంకనెత్తుకుని, రెండో చేత్తో సంచీ ఈడ్చుకుంటూ నడుస్తోంది. నా తాళానికి వాళ్ళు కనిపెట్టిన విరుగుడది: గుడ్లు స్కాను చేసి, సంచీలో వెయ్యకుండా, దుకాణం చివరిదాకా మొయ్యడం. నన్ను చూసి, "ఈ వరస రాసిన బాబు నువ్వేనా? వంట చేశావా ఎప్పుడైనా?" అంది. లేదన్నాను. "తెలుస్తోంది," అంది.

తాత చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం నుంచి ప్యాకింగ్ బల్ల దాకా ఒకసారి నడిచాడు. తిరిగి వచ్చాడు. తర్వాత బెంగాలీ, హిందీ, శ్రీకాకుళం సమపాళ్ళలో కలిపిన తన డాకు భాషలో, గుడ్లు గుమ్మం కాడ ఎందుకెట్టినారని మాషీని అడిగాడు. బండి ఆ గుమ్మం దగ్గరే ఆగుతుంది, మొదటిరోజు దించినవాడు అక్కడే దించాడు, అంతేనంది. మరి జరపలేదేం అన్నాడు తాత. "ఎవరూ అడగలేదు," అంది మాషీ.

తాత ఆ అరని ఒక చేత్తో తోశాడు. అది కదిలింది. దానికి చక్రాలున్నాయి. నాలుగు. రెండురోజులుగా నేను దాని ఫోటో తెర మీద పెట్టుకుని పనిచేస్తున్నాను.

ఆ ఇద్దరూ మాట్లాడుకుంటూనే దాన్ని ప్యాకింగ్ బల్ల పక్కకి, బంగాళాదుంపల అవతలికి చేర్చారు. నా వంతుగా నేను కంప్యూటర్లో ఆ అర నంబరు మార్చాను. ఒక్క అంకె. ప్రోగ్రాము తలవంచుకుని, గుడ్లని వరసలో చిట్టచివరికి పంపింది. మాషీ రెండు ఆర్డర్లు సర్ది చూసి, చంక దులుపుకుని, మా ఇద్దరికీ టీ తెప్పించింది. తాతకి బిస్కెట్టు కూడా.

శుక్రవారం దాదా ఫిర్యాదుల లెక్క చూసి మొహం వెలిగించుకున్నాడు. "నీ మార్కుల ప్రోగ్రాము పనిచేసిందన్నమాట."

"లేదు దాదా. అర జరిపాం."

"బెంగళూరుకి అలా రాయలేం కదా," అన్నాడు దాదా. అలా రాయలేదు కూడా. దుకాణ నిర్మాణ పునఃపరిశీలన అనో ఏదో రాసి, కింద నా పేరు పెట్టాడు. నన్ను ఖాయం చేశారు.

ఇంటికొచ్చి ఆ సంగతి దాచకుండా చెప్పాను. "నీ పేరు వెయ్యలేదు తాతా."

"ఓడకి కెప్టెన్ పేరే రాస్తారు. సరుకెక్కించినోడి పేరు ఎవుడు రాసినాడ్రా," అన్నాడు తాత టీవీ మీంచి చూపు తిప్పకుండా. టీవీ కట్టేసి, "కాంటా ఆళ్ళకి ఒద్దని సెప్పెయ్యాలి," అన్నాడు. గొంతులో కాస్త దిగులు వినిపించింది. పాపం, ఆ గుమస్తా పని కోసం చాలామందిని బతిమాలాడట.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. టొమాటోకి ఏడున్నరా, ఏడూ ముప్పావా అని తల పట్టుకు కూర్చున్న ఆ కుర్రాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వెనకాల నిలబడి, "తమ్ముడూ, చక్రాలు చూడు," అని చెవిలో చెప్పాలనిపిస్తుంది. వినడనుకోండి. తాత మాత్రం ఇప్పటికీ ప్రతి సంచీ తానే విప్పి, అడుగుదాకా చూసి, నా వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా లోపలికి పంపిస్తాడు. నాకొచ్చిన మెప్పుల్లో అదే పెద్దది.

ఖిదిర్‌పూర్ దుకాణంలో గుడ్లు ప్యాకింగ్ బల్లకి ఎడమ పక్కన ఉంటాయి. బుధవారాలు గుడ్ల స్టాకు రాదు, ఆ రోజు ఆర్డరివ్వకండి.