మంచు కరిగే నెలల్లో పెద్దబాపు

మా పెద్దబాపు పోయాడు. మొన్న నడి ఎండాకాలంలో, చెన్నూరులో, పగటిపూట మంచం మీద వాలిన మనిషి టీ తాగడానికి లేవలేదు. "అన్న పోయిండు బిడ్డా, జల్ది రా" అని బాపు ఫోన్ చేశాడు. నమ్మబుద్ధి కాలేదు. ఒక్కచోట కాసేపు కూర్చోలేని మనిషి అంత నిమ్మళంగా ఎట్లా పడుకున్నాడు?

ఆయన ఫౌజులో చేరి, లడాఖ్ కొండల్లో చాలా చలికాలాలు గడిపి వచ్చాడు. అక్కడ డేరా మీద మంచు పేరుకుంటే బరువుకు కూలిపోతుందట. వంతులవారీగా లేచి, లోపలి నుంచి కర్రతో తట్టి దులుపుతుండాలి. ఆ అలవాటు ఆయనతో ఊరికి కూడా వచ్చింది. ఏ పెళ్లికి పోయినా తిండి మధ్యలో లేచి, ఓ కట్టె వెతుక్కుని, షామియానాను కింది నుంచి పొడుస్తూ తిరిగేవాడు. పెళ్లివారు బిత్తరపోయేవారు. "గీడ మంచెక్కడిది పెద్దబాపూ?" అని నేను ఆటపట్టిస్తే, "నాకెర్కలేదా? చెయ్యి ఊకుంటలేదు బిడ్డా" అనేవాడు.

వానలో తడిసి ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే: "కాలివేళ్లు కదులుతున్నయా?" ఆయన ఎడమకాలికి రెండు వేళ్లు లేవు. చలి తినేసింది. అక్కడ తాగే నీళ్లు కూడా మంచు కాచుకున్నవేనట, గిన్నెడు మంచుకు గ్లాసెడు నీళ్లు. టమాటాలు రాళ్లలా అయ్యేవట. ఇవన్నీ నవ్వుతూ చెప్పేవాడు. దోస్తు మాట వస్తే మాత్రం నవ్వు ఆగిపోయేది.

ఆ దోస్తుది హుస్నాబాద్ పక్క ఊరు. ఇద్దరిదీ ఒకే డేరా. ఓ రోజు కొండ మీది మంచు విరిగి కిందికొచ్చింది. మిగతావాళ్లను తవ్వి తీశారు. అతను దొరకలేదు.

అందుకే పెద్దబాపుకు ఎండాకాలమంటే పరేషాన్. మాకు రోళ్లు పగిలే ఎండలు మొదలయ్యాయంటే అక్కడ మంచు కరుగుతుంది. "మంచు దేన్నీ ఉంచుకోదు, ఎన్నడన్న ఇచ్చేస్తది" అంటూ వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. పాత యూనిట్‌కు ఫోన్ చేసి అడిగేవాడు. దొరకలేదంటే, ఆ మాట చెప్పడానికి తానే బస్సెక్కి దోస్తు తల్లి దగ్గరికి పోయేవాడు. ఫోన్లో చెప్తే సరిపోదా అని మేమంటే కసిరేవాడు. ఆ తల్లి పెత్తరమాస నాడు పోయినవాళ్లందరి పేరా బియ్యం ఇస్తుంది, కొడుకు పేర తప్ప. "కండ్లతోని చూడలే. ఎట్లియ్యాలె?" అంటుందట.

పెద్దబాపు దినాలకు ఆమె ఒక్కతే బస్సు దిగి వచ్చింది. ఏడవలేదు. పటం ముందు కూర్చుని, "గీ యేడు అడిగిండా? ఏమన్నరట?" అంది.

"పోయే ముందటి వారమే అడిగిండవ్వా. దొరకలేదన్నరట" అన్నాను నేను. నాకు కోపమొచ్చింది. ఆ కొండల మీదో, పెద్దబాపు మీదో తెలియదు.

ఆమెను బస్సు ఎక్కించడానికి నేనే పోయాను. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"గీసారి నీ పెద్దబాపు పేర బియ్యమిస్త బిడ్డా. మావోని పేర మాత్రం ఇయ్యను. ఇగ నువ్వొచ్చి చెప్తవు గదా?"

వస్తానన్నాను. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె కిటికీలోంచి నన్నే చూస్తూ ఉంది.