నెయ్యి లేని గిన్నె

అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకున్న కాలంలో నాకు కోపం రాని పూట లేదు. ఇప్పుడు ఆఫీసులో నన్ను నెమ్మదస్తురాలంటారు గానీ, అప్పటి నన్ను చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు. ఎస్సై పరీక్షలో ప్రిలిమ్స్ గట్టెక్కాను. ఇక ఈవెంట్స్, అంటే దేహదారుఢ్య పరీక్షలు. ఆడపిల్లలు ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తాలి. మొదట్లో బాగానే పరుగెత్తేదాన్ని, చివరికొచ్చేసరికి ఎవరో నడుముకు తాడు కట్టి వెనక్కి లాగుతున్నట్టుండేది. ఒకరోజు గ్రౌండ్‌లో కోచ్ సారు అందరూ వింటుండగా, "కాళ్లు మంచిగనే ఉన్నయమ్మా, కాళ్ల మీదున్న బరువే తగ్గాలె" అన్నారు. ఆ మాటకు వారం రోజులు మండిపోయాను. (ఆయన మీద కాదు. ఆయన చెప్పింది నిజం కాబట్టి ఎవరి మీద మండాలో తెలియక అందరి మీదా మండాను.)

హాస్టల్లో పెట్టేది అన్నం, నీళ్ల సాంబారు, నూనెలో ఈదే ఆలుగడ్డ వేపుడు. దాంతో బరువు తగ్గేదేముంది? అందుకని సోమవారం నుంచి శుక్రవారం దాకా, సాయంత్రం పరుగు కాగానే చిక్కడపల్లిలో మా మేనత్త ఇంటికి పోయి నా తిండి నేనే వండుకుంటానని చెప్పాను. కొవ్వు లేని చికెన్, బీన్స్, క్యారెట్, పాలకూర, రెండు గరిటెల కొర్రన్నం, అన్నీ ఒక్క గిన్నెలో. అత్త మా నాన్నకు అక్క. మనిషి ఇంటికొస్తే కడుపు పగిలేలా పెట్టి పంపకపోతే ఆమెకు నిద్రపట్టదు. నూనె, కారం, మసాలా ఏవీ వద్దన్నప్పుడు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఉడకబెట్టిన కోడి ఆమె లెక్కలో జ్వరం వచ్చినవాళ్ల తిండి. మామ మాత్రం పేపర్లోంచి తల ఎత్తలేదు. ఆయన రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు.

మొదటిరోజు ముక్కలు, కూరగాయలు నీళ్లలో వేసి, ఉప్పు వేసి, పొయ్యి మీద పెట్టి స్నానానికి పోయాను. వచ్చి తిన్నాను. అమృతంలా ఉంది. రెండో రోజూ అంతే. నా చేతిలో ఇంత మహిమ ఉందని ఇరవై మూడేళ్లొచ్చేదాకా తెలియలేదే అనుకున్నాను. హాస్టల్లో నా రూమ్మేట్లకు ఉపన్యాసాలు కూడా ఇచ్చాను: మసాలాలన్నీ వంట రానివాళ్ల వేషాలని, అసలు రుచి ముక్కలోనే ఉంటుందని. ఇద్దరూ నోరు తెరుచుకుని విన్నారు. (అందులో ఒకామె నోట్సు రాసుకుంది. ఆమె ఇప్పుడు నిజంగానే ఎస్సై. ఎప్పుడైనా కలిస్తే క్షమాపణ చెప్పాలి.)

నెల గడిచింది. బరువు కిలోన్నర పెరిగింది. పరుగులో టైం కూడా పెరిగింది. బూట్లను తిట్టాను. గ్రౌండ్‌లో మట్టిని తిట్టాను. బరువు చూసే మిషన్ తప్పని నారాయణగూడ చౌరస్తా దాకా నడిచిపోయి ఇంకో మిషన్ ఎక్కాను. అది ఇంకో పావు కిలో ఎక్కువ చూపించింది. దాన్నీ తిట్టాను.

ఆ మరుసటి రోజు అత్త వాళ్ల ఇంట్లో నేను స్నానానికి పోయిన రెండు నిమిషాలకే నల్లాలో నీళ్లు బందయ్యాయి. తువ్వాల తలకు చుట్టుకుని బయటికొచ్చేసరికి వంటింట్లో అత్త నా గిన్నె ముందు నిలబడి ఉంది. ఎడమ చేతిలో నెయ్యి డబ్బా. కుడి చేతిలో పెద్ద గరిటె. పక్కన చిన్న గిన్నెలో నూరిన జీడిపప్పు ముద్ద.

నేను అరవలేదు. అరిస్తే బాగుండేది. పళ్లు బిగించి, "ఎన్ని రోజుల సంది?" అన్నాను.

"మొదటి రోజు సంది" అంది అత్త, గరిటె కూడా దించకుండా. "గా ఉడకబెట్టిన దాన్ని రుచి చూసినవా నువ్వు? నా ఇంట్ల గది తిని పోయినవని తెలిస్తే మీ నాయన ముంగట నా మొఖం ఏం గావాలె?"

"నువ్వు నా నౌకరి తిన్నవ్ అత్తా" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అత్త మొహం మాడిపోయింది. నాకు కనపడింది, అయినా ఆగలేదు. ఇంకోసారి ఈ గడప తొక్కనని, ఆమెది ప్రేమ కాదు మొండితనమని, ఇంకా ఏమేమో అని, తడి జుట్టుతోనే మెట్లు దిగి అశోక్‌నగర్ దాకా విసవిసా నడిచి వచ్చేశాను.

మరునాడు హాస్టల్ రూములో, నీళ్లు కాచుకునే కరెంట్ కెటిల్లో చికెన్, క్యాబేజీ వేసి వండాను. నురగ పొంగి టేబులంతా పారింది. ఫ్యూజు పోయింది. వార్డెన్ వచ్చి, వాసన చూసి, మిగిలింది నా గిన్నెలో వంపి, కెటిల్ పట్టుకుపోయింది. గిన్నెలోంచి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. తడిపిన అట్టపెట్టెలా ఉంది. నెల రోజులుగా నేను మురిసిపోయిన నా చేతి మహిమ అసలు రూపం అది. అత్త మీద కోపం ఇంకా రెట్టింపైంది. మొత్తం తిన్నాను, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఆ నీళ్ల మీద కూడా కోపంతో.

నాలుగో రోజు సాయంత్రం గేటు దగ్గర ఎవరో వచ్చారన్నారు. పోయి చూస్తే మామ స్కూటర్. వెనక సీటు మీద అత్త, ఒళ్లో స్టీలు డబ్బా. ఆమె నా మొహం చూడలేదు. డబ్బా చేతిలో పెట్టి, పెరుగు, మిరియాలు, అల్లమెల్లిగడ్డ పట్టించి నానబెట్టిందని, మూత పెట్టి పెనం మీద సన్నమంటన మగ్గించిందని, కూరగాయలు చివర్లో వేసి నిమ్మకాయ పిండిందని, పాఠం అప్పజెప్పినట్టు గోడకు చెప్పింది. తర్వాత, "నూనె ఒక్క చెంచా. మీ మామ ముంగట కొలిసిన. అడుగు" అంది.

నేను మామ వైపు చూశాను. "చిన్న చెంచా" అన్నాడు మామ.

హాస్టల్ మెట్ల మీద కూర్చుని తిన్నాను. అంత కమ్మగా ఉంటుందనుకోలేదు. ఎట్లున్నదని అత్త అడిగితే పర్వాలేదన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెబితే ఓడిపోతానేమోనని భయం. అత్త డబ్బా లాక్కుని స్కూటరెక్కింది. మర్నాడు మాత్రం నేనే చిక్కడపల్లి వెళ్లాను. పొయ్యి ముందు పక్కపక్కన నిలబడి, ఒకరితో ఒకరం మాట్లాడకుండా ఆమె చేసింది చూసి నేర్చుకున్నాను.

రెండు నెలలకు ఈవెంట్స్‌లో పరుగు గట్టెక్కాను. తర్వాత మెయిన్స్‌లో అరిథ్‌మెటిక్ దగ్గర బోల్తాపడ్డాను. ఆ సంగతి చెబితే అత్త ప్రశ్నపత్రం తయారు చేసినవాళ్లను ఏడు తరాలు తిట్టింది. నాకు నవ్వొచ్చింది. అప్పటికి కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

మొన్న ఆఫీసు నుంచి వస్తూ అశోక్‌నగర్‌లో చికెన్ షాపు దగ్గర ఆగాను. నా వెనక ఒక పిల్ల, ట్రాక్ ప్యాంటు, మట్టి అంటిన బూట్లు, మొహం నిండా చిటపట. నా పక్కనుంచి తల ముందుకు చాచి, తోలు, కొవ్వు కొంచెం కూడా ఉండొద్దని షాపాయనకు గట్టిగా చెబుతోంది. నేను నవ్వాను. ఉరిమి చూసింది. పక్కకు జరిగి, ముందు ఆమెనే పోనిచ్చాను.