జెండా రెండో కొస

ఇంగ్లండ్‌లో, కోవెంట్రీ స్టేషన్ వెయిటింగ్ రూములో ఒక పోలిష్ ముసలాయన వానకి తడిసిన జెండా విప్పి, "మడతపెట్టాలి, ఈ కొస కాస్త పట్టుకుంటారా?" అని నన్నడిగాడు. పోలండ్‌లో వాళ్ళదో చిన్న జాతీయవాద పార్టీ అట. చీలి, చీలి, చివరికి ఇద్దరు మిగిలారు. ఇద్దరూ పని కోసం ఇక్కడికే వచ్చారు. ఆ రెండో మనిషిని అప్పుడే పూడ్చి వస్తున్నాడు.

అమ్మతో పట్టుచీర మడతపెట్టినట్టే ఎదురు నడిచాను.

"మీలాంటివాళ్ళు మా దేశానికి రావద్దని ఈ జెండా పట్టుకునే అరిచేవాళ్ళం," అన్నాడు తలెత్తకుండా.

వదిలేద్దామనిపించింది. కానీ చివరి మడత దాకా పట్టుకున్నాను.

ఫ్లాట్‌లో నా చీరలు ఒక్కదాన్నే మడతపెట్టుకుంటాను, అంచు గడ్డం కింద నొక్కిపెట్టి. అదెలాగో ఆయనకి చూపించి రావాల్సింది.