రెండోసారి తీసిన రక్తం

నల్లగొండలో రక్తపరీక్షలు చేసే మా డాక్టరమ్మ పోయిన శుక్రవారం చనిపోయారు. కబురు తెచ్చింది మా నాన్న, మా బాపే. "డాక్టరమ్మ లేదురా ఇగ" అని చెప్పులు కూడా విడవకుండా గడపలో నిలబడి చెప్పాడు. ఆమె మొండిపట్టు లేకుంటే ఆ మాట చెప్పడానికి బాపే ఉండేవాడు కాదు.

డిగ్రీ చదివే రోజుల్లో నేను ఆమె ఇంటి వెనక గదిలో కిరాయికి ఉన్నాను. ముందు గదే ల్యాబు. రక్తం తీశాక గాజు గొట్టాన్ని గుప్పిట్లో వెచ్చగా పట్టుకుని, మాట్లాడుతూనే మధ్యమధ్యలో వంచి చూసేవారు. ఒకరోజు నన్నూ పిలిచి చూపించారు. అప్పటిదాకా కదిలిన రక్తం కళ్లముందే పేరుకుపోయింది.

"కండ్లకు కనవడని ప్రోటీన్ ఒకటి రక్తంల తిరుగుతుంటది బేటా. దెబ్బ తాకిన కాడ అది దారాలు దారాలైతది. చెయ్యి కోసుకుంటే నిన్ను కాపాడేటియి గా దారాలే. గుండె నాళంల అల్లుకున్నయనుకో, సంపేటియి గూడ అవే" అన్నారు.

మా దిక్కు ఛాతీలో నొప్పి లేస్తే దానికి ఒకటే పేరు, గ్యాస్. గోలీసోడా తాగాలి, తేన్పు రావాలి. తేన్పు వచ్చిందా, రోగం పోయినట్టే! ఎంతమంది ఆ తేన్పును నమ్ముకుని పోయారో. ఆ మాట వింటే డాక్టరమ్మకు ఒళ్లు మండేది.

నా చదువు రోజుల్లోనే బాపుకూ అట్లాగే నొప్పి లేచింది, పొద్దున్నే బావి దగ్గర మోటరు పెట్టబోతుంటే. సోడా తాగాడు, తేన్చాడు, చెమటలు మాత్రం ఆగలేదు. చిన్నాయన జీపు మాట్లాడి నల్లగొండ దవాఖానకు తెచ్చాడు. అక్కడ తీసిన ఈసీజీ పట్టీ చూసి ఏదీ తేల్చలేకపోయారు. నేను ఉరికిపోయి పిలిస్తే డాక్టరమ్మ వచ్చి రక్తం తీసుకుపోయి చూశారు, తేడా ఏమీ లేదు. అప్పటికి నొప్పీ తగ్గింది. ఇంకేం, బాపు మొఖం వెలిగిపోయింది.

"రక్తం సాఫున్నదట! నడువుండ్రి, కరెంటు పోకముందే మడి తడపాలె" అంటూ పోయి జీపులో కూర్చున్నాడు.

డాక్టరమ్మ వెంటపడి వచ్చారు. "ఆగు భయ్యా. గిప్పుడే ఏం తెల్వది. గుండె కండ చెడితే దాంట్లున్న ప్రోటీన్లు రక్తంలకు మెల్లగ దిగుతయి. పాలు తోడువెట్టంగనే మూత తీస్తే పెరుగు కనవడ్తదా? మళ్ల రక్తం తియ్యాలె."

"ఇంకోసారా? ఉన్న నెత్తురంత మీరే తీస్తే నాకేం మిగుల్తది అమ్మా? పోనియ్ డ్రైవరూ!"

నేను బతిమాలాను, చిన్నాయన కసిరాడు. బాపు దిగలేదు. డాక్టరమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని జీపు ముందు సీట్లో కూర్చున్నారు. రంజాన్ నెల, ఆమె రోజా ఉన్నారు. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"నడువు. నేను గూడ మీ ఊరికొస్త. మడి కాడ్నే రక్తం తీస్త."

ఉపాసమున్న ఆడమనిషి ఆ ఎండలో తన కోసం ఊరిదాకా రావడమా! బాపు సిగ్గుపడి దిగాడు. గొణుక్కుంటూనే దవాఖాన మంచం మీద పడుకున్నాడు. లేచిపోతాడేమోనని ఆమె పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు.

మధ్యాహ్నం దాటాక తీసిన రక్తంలో ఆ గుండె కండ ప్రోటీన్ బాగా పెరిగి కనిపించింది. మళ్లీ తీసిన పట్టీ కూడా మారింది. వెంటనే గుండె నాళంలోని రక్తపు గడ్డను కరిగించే మందు ఎక్కించారు. బాపు బతికాడు. అదే జీపులో దారి మధ్యలో ఉంటే ఏమయ్యేదో!

తర్వాత కూడా ఎంతోమందిని ఆమె అట్లాగే ఆపారు, ఎన్నో మాటలు పడ్డారు. నాకు కోపమొచ్చి ఒకసారి అడిగితే నవ్వేశారు. "తిట్టుకోనీ బేటా. తిట్టనీకె బతికుంటరు గద!"

శుక్రవారం సాయంత్రం ఆమె జనాజా లేచింది. జనం మధ్యలోంచి తోసుకుంటూ పోయి బాపు పాడెకు భుజం పెట్టాడు.

"బాపూ, బరువు మొయ్యొద్దన్నరు గద" అన్నాను.

"ఎవరన్నరు? ఆమెనే గద. ఇగ లేసొచ్చి ఆపుమను, సూస్త" అన్నాడు.

మోసేవాళ్లు దారి పొడుగునా మారుతూనే ఉన్నారు. బాపు మాత్రం తన చోటు ఎవరికీ ఇవ్వలేదు. తువ్వాల జారి దుమ్ములో పడ్డా చూసుకోకుండా, కబరస్తాన్ గేటు దాకా నడుస్తూనే ఉన్నాడు.