ఖుబానీ కేకులో ఉప్పు

మా అత్తమ్మ నన్ను నలుగురిలో మెచ్చుకున్నప్పుడల్లా నాకు అక్కడినుంచి లేచి వెళ్ళిపోవాలనిపించేది. నవ్వుతూ కూర్చునేదాన్ని. ఏళ్ళ తరబడి ఆ మెప్పును మోశాను. మీరెవరో నాకు తెలియదు. తెలియనివాళ్ళకైతే మొదటినుంచీ చెప్పగలననిపిస్తోంది.

మాది లాల్‌దర్వాజా సందుల్లో రెండు గదుల అద్దె ఇల్లు. క్రిస్మస్ వచ్చిందంటే అత్తమ్మ ఖుబానీ కేకు చేసేది. ఎండు ఖుబానీలు నానబెట్టి, గింజలు తీసి, చక్కెరతో మెత్తగా ఉడికించేది. గిన్నెలో కేకు పిండి, దానిపైన ఆ పండు గుజ్జు, ఆ పైన మైదా, వెన్న, చక్కెర వేళ్ళతో నలిపిన పొడి. గుండ్రటి కరెంటు ఓవెన్‌లో ఆ పొడి ఎర్రబడుతుంటే పై వాటావాళ్ళు కూడా మా గుమ్మంలోకి తొంగిచూసేవారు.

పెళ్ళయిన కొత్తలో ఆ ఓవెన్‌ను నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. "చెయ్యి కాలుతది బిడ్డా, దూరముండు" అనేది. అది ప్రేమే. అప్పుడు మాత్రం, నన్నింకా చుట్టంలాగే చూస్తోందనుకున్నాను. ఆ యేడు క్రిస్మస్‌కు మా పుట్టింటివాళ్ళు వస్తున్నారు. వాళ్ళకు నా చేతి కేకు పెట్టాలని ఆశ. అడిగాను. "వచ్చే యేడు చేద్దువు తీ" అంది.

ఎవరో పిలిస్తే అత్తమ్మ బయటికి వెళ్ళింది. నలిపిన పొడి నా ముందుంది. ఉప్పు డబ్బా పక్కనే ఉంది. పిడికెడు తీసి కలిపేశాను. ఎందుకు? ఒక్కరోజు ఆమెను ఎవరూ పొగడకపోతే చాలనుకున్నానా? అంతకు మించి ఏమీ అనుకోలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది నిజమో కాదో నాకే తెలియదు.

మా అమ్మ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, మింగలేక నీళ్ళు తాగింది. మిగతావాళ్ళు మర్యాదకు ఊరుకున్నారు. అత్తమ్మ రుచి చూసింది. ఆమె ముఖంలో సిగ్గు కనబడుతుందనుకున్నాను. కనబడింది భయం. నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"చక్కెరనుకొని ఉప్పేసిన్నా బిడ్డా? నాకేం యాదికి లేదు."

"ఏం గాదు అత్తమ్మా, పోనీ."

"మా అమ్మకు గిట్లనే మొదలైంది. ఆఖరుకు నన్ను గూడ గుర్తుపట్టలే."

ఆ సంగతి నాకు తెలియదు. అప్పుడే చెప్పేయాల్సింది. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ముందు గదిలో మా అమ్మ ఉంది, నా భర్త ఉన్నాడు. నేనేమన్నానో తెలుసా? "ఇగ నుంచి నేను చూసుకుంటా అత్తమ్మా" అన్నాను.

ఓవెన్ నా చేతికొచ్చింది. ఆమెకు తన చేతుల మీద నమ్మకం పోయింది. కూరలో ఉప్పు వేసి నన్ను రుచి చూడమనేది. పడుకున్నాక లేచొచ్చి, "పొయ్యి బంద్ చేసిన్నా?" అనేది. గల్లీలో ఏ పిల్ల ఏ వానలో పుట్టిందో చెప్పగల మనిషి! చర్చికొచ్చే ఆడవాళ్ళతో, "నా కోడలే నా యాది" అనేది. నాకు జ్వరమొస్తే తల ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నాకూ ఆమె అంటే ప్రాణం. ప్రేమ ఉన్న మనిషి ఇంతకాలం ఎలా ఊరుకుంటుందని మీరడగవచ్చు. ప్రేమ పెరిగినకొద్దీ, చెబితే అది పోతుందన్న భయం కూడా పెరిగింది. అంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

మొన్న ఆదివారం వంటింటి తలుపు దగ్గర నిలబడి, "ఒక్కసారి కేకు నేను కలపనా? నువ్వు పక్కనుండి చూడు" అంది. తన వంటింట్లో, నన్ను అడిగింది. కేకు మునుపటిలాగే కుదిరింది. చిన్న ముక్క నోట్లో వేసుకోగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"మంచిగనే అయింది గద! మరి గా దినం ఏమైందో నాకు."

"నేనే ఏసిన అత్తమ్మా. ఉప్పు. కావాల్ననే ఏసిన."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఇన్నేండ్లు నా మతిని నేనే నమ్మలే" అంది.

అంతే. తిట్టలేదు. మన్నించాననీ అనలేదు. కేకు కోసి అందరితోపాటు నాకూ ఒక ముక్క పెట్టింది. అది ప్రేమో, అలవాటో అడగలేకపోయాను.

ఆమె నాతో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడుతోంది. నిన్న సంచి పట్టుకుని చార్మినార్ వైపు ఒక్కతే బయలుదేరింది. నేను పక్కన లేకుండా గల్లీ దాటి ఎన్నేళ్ళయిందో. తోడు రానా అని అడగబోయి ఆగిపోయాను. వెనక్కి తిరిగి చూడలేదామె. మలుపు దాటేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. తర్వాత లోపలికొచ్చి, కంచం ముందు పెట్టుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను.